40 పాయింట్లు వద్దు తమ్మీ, 32 చాలు

ప్రశ్న: అన్నా, మాది హన్మకొండ. ప్రతి ఆదివారం నలుగురికి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (తలా ఒక పాత్ర తీసుకుని, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట) ఆడిస్తుంటాను, 2014 నాటి 5వ ఎడిషన్ రూల్స్. పోయినసారి మామూలుగా, పాత్ర ఆరు గుణాలు (స్టాట్‌లు) కొనుక్కోవడానికి ఒక్కొక్కరికి 27 పాయింట్లు ఇచ్చి, 1వ లెవెల్ నుంచి మొదలుపెట్టాం. రెండో సెషన్‌లోనే ఓగర్ అనే రాక్షసుడు ఒక్క దెబ్బ కొడితే మా బావ ఆడే ఫైటర్ (యోధుడి పాత్ర) పడిపోయాడు, ప్రాణం నిలుస్తుందా అని వేసే పాచికలు (డెత్ సేవ్‌లు) కూడా కలిసిరాక చనిపోయాడు. ఆ తర్వాత ఎవరికీ ఆట మీద మనసు లేకుండా పోయింది. ఈసారి రుద్రమదేవి కాలం కథ అల్లుతున్నా. అందరూ ఓరుగల్లు నాయకులు, దేవగిరి సేన మీదికి వస్తుంటే కోటను కాపాడాలి. మొదటి రోజు నుంచే వీరుల్లా అనిపించాలని 40 పాయింట్లు ఇద్దామనుకుంటున్నా. బావ ఏమో పాచికలు వేసి తీసుకుందాం అంటున్నాడు. మా దోస్తు 5వ లెవెల్ నుంచి మొదలుపెడదాం అంటున్నాడు. క్లెరిక్ (వైద్యం చేసే పూజారి పాత్ర) ఆడే అక్క మాత్రం అంత బలం ఉంటే నాకు ఆడబుద్ధి కాదు అంటోంది. అసలు ఎన్ని పాయింట్లు ఇవ్వాలి? ఎక్కువ ఇస్తే నేను పెట్టే గొడవలన్నీ వీళ్లకు లెక్కే లేకుండా పోతాయేమో అని టెన్షన్ కూడా ఉంది.

సమాధానం: తమ్మీ, ముందు లెక్క చెప్పేస్తా, కారణాలు తర్వాత. 32 పాయింట్లు ఇవ్వు. మామూలుగా ఒక స్టాట్‌ను 15 దాకానే కొనుక్కోవచ్చు కదా, ఆ హద్దును 16కు జరుపు, కానీ ఒక్కరికి ఒక్క 16 మాత్రమే. 3వ లెవెల్ నుంచి మొదలుపెట్టు. ఇక ఆ ఎక్కువ ఇచ్చిన 5 పాయింట్లను ఇష్టం వచ్చినచోట పెట్టుకోనివ్వకు, ఎక్కడ పెట్టాలో కథ చెప్పాలి. ఈ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం, దాని గురించి కింద వివరంగా రాస్తా.

40 ఎందుకు వద్దంటున్నానో చూడు. కాగితం తీసుకుని నువ్వే వేసి చూడొచ్చు. 2014 రూల్స్‌లో 8 ఉచితం, 13కు 5 పాయింట్లు, 14కు 7, 15కు 9. అంతకు పైన కొనడానికి లేదు. 27 పాయింట్లతో 15, 14, 13, 12, 10, 8 వస్తాయి, పుస్తకంలో ముందే ఇచ్చిన వరస, స్టాండర్డ్ అర్రే, అదే. ఇప్పుడు 40 ఇచ్చావనుకో, మూడు 15లు, రెండు 13లు, ఒక 11 వస్తాయి. ఫైటర్‌కైనా మంత్రాలు వేసే విజార్డ్‌కైనా దాదాపు అవే ఆరు నంబర్లు, వరస ఒక్కటే మారుతుంది. అన్నిటికంటే పెద్ద నంబర్ మాత్రం 27 పాయింట్లప్పుడూ 15, 40 పాయింట్లప్పుడూ 15. అంటే నువ్వు ఇచ్చిన 13 పాయింట్లు మనిషి బలాన్ని ఒక్క మెట్టు కూడా పెంచలేదు, వాడి బలహీనతలను మాత్రం తుడిచేశాయి. జీతం పెరగ్గానే ముందు పాత బాకీలు తీర్చుకున్నట్టు, ఆటగాళ్లు ఎక్కువ పాయింట్లు రాగానే ముందు ఆ 8ని, ఆ 10ని సరిచేసుకుంటారు. అది తప్పేమీ కాదు, మనిషన్నవాడు అదే చేస్తాడు. కానీ నీకు కావలసింది అది కాదు కదా.

ఇది నంబర్ల మీద ఎట్లా కనిపిస్తుందో చూపిస్తా. అడవి దారిలో కాపు కాసిన దొంగ ఒకడున్నాడనుకో, వాడికి గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి నంబర్లు పెట్టు: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన నంబర్) 15, హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకోగలడో) 7. మీ బావ ఫైటర్‌కు స్ట్రెంత్ 15, పాత్ర జాతిని బట్టి వచ్చే బోనస్ 2 కలిపి 17, అంటే పాచికకు కలిపే మాడిఫైయర్ ప్లస్ 3. శిక్షణకు వచ్చే ప్రొఫిషెన్సీ 2 కలిపితే దాడికి ప్లస్ 5. డి20 (20 ముఖాల పాచిక) మీద 10 లేదా పైన పడాలి, 55 శాతం. తగిలాక కత్తి దెబ్బ 1డి8కి (8 ముఖాల పాచిక ఒకటి) 3 కలిపి, దొంగ ఒక్క దెబ్బకు చావాలంటే డి8 మీద 4 లేదా పైన పడాలి. రెండూ కలిపితే ఒక్క వేటుకు దొంగ పడే అవకాశం 34 శాతం. ఫైటింగ్ స్టైల్‌నూ (ఫైటర్ ప్రత్యేక నేర్పు) క్రిటికల్‌నూ (20 పడితే దెబ్బ పాచికలు రెండింతలు) పక్కన పెట్టి చెప్తున్నా. ఇప్పుడు 40 పాయింట్ల ఫైటర్‌ను తీసుకో, స్ట్రెంత్ అదే 17, అవకాశం అదే 34 శాతం. ఒక్క శాతం కూడా మారలేదు. అదే 16 కొనుక్కోనిస్తే బోనస్‌తో 18 అవుతుంది, దాడికి ప్లస్ 6, అవకాశం 45 శాతానికి ఎక్కుతుంది. 18 దాకా వదిలేస్తే బోనస్‌తో 20 అవుతుంది, 57 శాతం. అంటే టేబుల్ దగ్గర వీరత్వం అనిపించేది హద్దు జరిపినప్పుడే, మొత్తం పాయింట్లు పెంచినప్పుడు కాదు.

మరి 57 శాతం ఇచ్చేయొచ్చు కదా అంటావేమో. 5వ ఎడిషన్‌లో 20 దాటి స్టాట్ పెరగడం అరుదు, మామూలుగా అదే ఆఖరి మెట్టు. ఎవరైనా మొదటి రోజే 20తో కూర్చుంటే 4వ లెవెల్‌లో వచ్చే స్టాట్ పెంపుకు ఎదురుచూడటానికి ఏమీ ఉండదు. 18తో మొదలైతే, 4వ లెవెల్‌కు వచ్చిన రోజున వాడు 20కి ఎక్కుతాడు, ఆ రోజు టేబుల్ దగ్గర ఉండే సందడే వేరు. ఆ సందడిని నువ్వు ముందే ఖర్చు చేసేయొద్దు. నేను 16 దగ్గర ఆపమంటున్నది అందుకే.

16కు ఎన్ని పాయింట్లు అని అడుగుతావు. 5వ ఎడిషన్ పట్టికలో 16 లేదు, కాబట్టి ఎక్కడో ఒకచోట నుంచి తెచ్చుకోవాలి. ఇట్లాంటిదే ఇంకో ఆట, పాత్‌ఫైండర్ మొదటి ఎడిషన్‌లో 15కు 7, 16కు 10, 17కు 13, 18కి 17, అంటే 15 నుంచి 16కు ఎక్కడానికి 3 పాయింట్లు. అదే మెట్టు ఇక్కడ పెట్టుకో. 15కు 9 కాబట్టి 16కు 12. ఇంకో ముచ్చట, ఆ పుస్తకమే కథ స్థాయిని బట్టి పాయింట్లు మార్చుకోమని చెప్తుంది: మామూలు కథకు 15, పెద్ద స్థాయి కథకు 20, ఇతిహాసం స్థాయికి 25. దానికంటే ముందు వచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 3.5లో కూడా మామూలుకు 25 అయితే బలమైన కథకు 32 అని ఉండేది. కాబట్టి నువ్వు చేద్దామనుకుంటున్నది రూల్స్‌ను పాడు చేయడమేమీ కాదు, పాత పుస్తకాలు స్వయంగా తెరిచి పెట్టిన దారే. ఒకటి మాత్రం చూసుకో, ఒక ఆట పాయింట్లను ఇంకో ఆటకు అట్లే తీసుకుపోకు, పట్టికలు వేరు. 3.5లో 14కు 6 పాయింట్లు, 5వ ఎడిషన్‌లో 7.

ఇప్పుడు నీ అసలు బాధకు వస్తా, ఓగర్ దెబ్బకు. నీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా అనిపించింది అదే, ఎందుకంటే ఆ గాయానికి పాయింట్లు మందు కానే కావు. 1వ లెవెల్ ఫైటర్‌కు 10 హిట్ పాయింట్లు, కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టితనం) 14 ఉంటే 12. ఓగర్ గద 2డి8కి 4 కలిపి కొడుతుంది, సగటున 13. తగిలితే మూడింట రెండుసార్లు ఆ 12 ఊడిపోతాయి. 40 పాయింట్లు ఇచ్చి, బోనస్ కూడా కాన్‌స్టిట్యూషన్ మీదే పెట్టి 16 చేసుకున్నా 12 కాస్తా 13 అవుతాయి. అంతే. అప్పుడు కూడా తగిలిన ప్రతి రెండు దెబ్బల్లో ఒకటికి పైనే వాణ్ని పడగొడుతుంది. అదే 27 పాయింట్ల ఫైటర్‌ను 3వ లెవెల్‌కు తెస్తే 28 హిట్ పాయింట్లు ఉంటాయి. ఓగర్ మామూలు దెబ్బ ఎంత పెద్దగా పడినా 20 దాటదు, కాబట్టి క్రిటికల్ పడితే తప్ప ఒక్క దెబ్బకు కూలడు. నిలబడతాడు, ఎదురు కొడతాడు, వెనక్కి తిరిగి అక్కను వైద్యం అడుగుతాడు. మీ బావకు పోయినసారి దక్కనిది ఆ రెండో నిమిషమే. దాన్ని ఇచ్చేది లెవెల్.

అయితే 5వ లెవెల్ ఎందుకు వద్దు? మీ దోస్తు అన్నదాంట్లో న్యాయం లేకపోలేదు, 5వ లెవెల్‌లో ఫైటర్‌కు రెండు వేట్లు వస్తాయి, విజార్డ్‌కు ఫైర్‌బాల్ మంత్రం వస్తుంది, ప్రొఫిషెన్సీ 3 అవుతుంది, ఆట ఒక్కసారిగా పెద్దదైపోతుంది. కానీ ఆ పెద్దతనం ఆడుతూ ఆడుతూ చేరుకుంటేనే రుచి. పైగా అందరి చేతిలో ఒకేసారి అన్ని మంత్రాలు, అన్ని శక్తులు పెడితే మొదటి రెండు సెషన్లు పాత్ర వివరాలుండే షీట్ చదువుకోవడంతోనే సరిపోతుంది. 3వ లెవెల్‌కల్లా ఫైటర్, విజార్డ్ లాంటి ప్రతి క్లాసుకూ సబ్‌క్లాస్ వచ్చేస్తుంది, అంటే ఎవరు ఏ రకం వీరుడో అప్పటికే తేలిపోయి ఉంటుంది. నీ కథకు అది సరిగ్గా సరిపోతుంది, వీళ్లు ఇప్పటికే పేరున్న నాయకులు కదా.

బావ పాచికల ముచ్చట. నాలుగు మామూలు పాచికలు (4డి6) వేసి చిన్నది తీసేస్తే సగటు 12 కంటే కొంచెం ఎక్కువ వస్తుంది, స్టాండర్డ్ అర్రే సగటు సరిగ్గా 12. కాబట్టి పాచికల వల్ల టేబుల్ మొత్తానికి బలం పెద్దగా పెరగదు, ఒకరికీ ఇంకొకరికీ తేడా పెరుగుతుంది. ఆ తేడా కథ అయిపోయేదాకా పోదు. ఒకడు 17తో, పక్కవాడు 13తో అన్నాళ్లు కూర్చోవాలంటే, ఎంత దోస్తులైనా మనసులో కొంచెం ఉంటుంది. బావ మరీ పట్టుబడితే ఒక దారి ఉంది: నలుగురూ వేయండి, నాలుగు వరసల్లో అందరికీ నచ్చిన ఒక్క వరసను ఎంచుకుని నలుగురూ అదే వాడండి. పాచిక వేసిన సంతోషం ఉంటుంది, తేడా ఉండదు.

ఇక నేను ముందే చెప్పిన ఆ 5 పాయింట్లు. నీ కథలో వీళ్లంతా కాకతీయ నాయకులు కాబట్టి నీ దగ్గర ఒక మంచి సాధనం ఇప్పటికే ఉంది, బిరుదు. రుద్రమదేవికి రాయగజకేసరి అన్న బిరుదు ఉండేది, అప్పటి వీరులకు బిరుదు అంటే ఊరికే పొగడ్త కాదు, వాడు ఏం చేశాడో లోకానికి తెలిసిన గుర్తు. అందుకని ఒక్కో ఆటగాణ్ని ముందు 27 పాయింట్లతో మామూలు షీట్ రాయమను. తర్వాత ఒక బిరుదు, దాని వెనక ఒక సంఘటన చెప్పమను, మూడు నాలుగు వాక్యాలు చాలు. ఆ సంఘటన ఏ రెండు స్టాట్‌లను చూపిస్తుందో ఆ రెండింటి మీదే 5 పాయింట్లు ఖర్చు పెట్టాలి. అన్నిటికంటే తక్కువ ఉన్న స్టాట్ మీద మాత్రం పెట్టకూడదు, ఆ 8 అట్లే ఉండాలి.

చూడు ఎంత చక్కగా కుదురుతుందో. బావ ఫైటర్‌కు స్టాండర్డ్ అర్రే ఉందనుకుందాం, స్ట్రెంత్ 15, కాన్‌స్టిట్యూషన్ 13. పాకాల చెరువు కట్ట తెగబోతుంటే రాత్రంతా నీళ్లలో నిలబడి రాళ్లు మోసి ఆపినవాడు అని కథ చెప్పాడనుకో. స్ట్రెంత్ 15 నుంచి 16కు 3 పాయింట్లు, కాన్‌స్టిట్యూషన్ 13 నుంచి 14కు 2. సరిగ్గా 5. చేతికి వచ్చేది 16, 14, 14, 12, 10, 8. నీ దోస్తు విజార్డ్ ఆడతాడనుకుంటే, శాసనాల లిపి చదివి శత్రువు రహస్య దారి కనిపెట్టి, సభలో అందరి ముందూ దాన్ని వాదించి నెగ్గినవాడు అనొచ్చు. ఇంటెలిజెన్స్ 15 నుంచి 16, కరిష్మా (మాటతో మెప్పించే గుణం) 10 నుంచి 12, అక్కడా 3, 2. ఇద్దరికీ అవే 5 పాయింట్లు దక్కాయి, కానీ షీట్లు ఒకదాన్నొకటి పోలి లేవు. 40 పాయింట్లు ఊరికే పంచితే దొరకనిది ఇదే.

దీంట్లో నీకు ఇంకో లాభం ఉంది. బిరుదు లోకానికి తెలిసినది కాబట్టి శత్రువుకు కూడా తెలుసు. దేవగిరి సేనాని తెలివైనవాడైతే ఆ కట్ట ఆపిన మల్లయోధుడి దగ్గరికి కత్తి పట్టుకున్నవాణ్ని పంపడు, దూరం నుంచి విలుకాళ్లతో కొట్టిస్తాడు. సభలో నెగ్గిన పండితుడి మీద ముందే పుకార్లు పుట్టిస్తాడు. ఆటగాడికి కోపం రాదు, నా పేరు అంత దూరం పోయిందా అని ఛాతీ ఉప్పొంగుతుంది. ఇచ్చిన బలాన్ని శత్రువు గుర్తించి భయపడటం కంటే వీరుణ్ని వీరుడనిపించేది ఇంకొకటి లేదు.

ఆ 8 ఎందుకు ఉంచమన్నానంటే, లెక్క ప్రకారం 8కీ 10కీ తేడా 5 శాతమే, డీసీ 15 చెక్‌లో (మొత్తం 15 చేరాల్సిన పరీక్ష) 25 శాతానికి బదులు 30 శాతం. పెద్ద నష్టమేం కాదు. కానీ షీట్ మీద ఆ మైనస్ 1 కనిపిస్తుంటే ఆటగాడు మాట్లాడే తీరే మారిపోతుంది. కరిష్మా 8 ఉన్న నాయకుడు దర్బారులో తడబడతాడు, పక్కవాడు లేచి మాట అందుకుంటాడు. అట్లా ఒకరి కొరతను ఒకరు నింపుకుంటేనే నలుగురు ఒక జట్టు అవుతారు. అందరికీ అన్నీ ఉంటే ఎవరికి ఎవరితో పని?

బలం అంటే స్టాట్‌లే కాదన్నది కూడా గుర్తుపెట్టుకో. కాకతీయుల నాయంకర పద్ధతిలో నాయకుడికి రాజు ఊళ్లు ఇచ్చేవాడు, బదులుగా నాయకుడు సైన్యాన్ని పోషించి పిలిచినప్పుడు తేవాలి. రుద్రమదేవి పుట్టుక చూడకుండా పనితనం చూసి ఎందరినో నాయకులను చేసిందని చరిత్రకారులు చెప్తారు. మరి నీ ఆటలో నాయకుడికి మనుషులు ఏరి? ఒక్కొక్కరికి చిన్న దండు ఇవ్వు. దానికి పాచికలు వేసి యుద్ధం నడపాల్సిన పని లేదు, మరీ బరువైపోతుంది. సెషన్‌కు ఒక్కసారి తన దండును పిలిచి ఒక పని చేయించుకోవచ్చు అను: ఒక ద్వారం మూయించడం, గాయపడినవాళ్లను మోయించడం, కొందరు శత్రువులను పక్కకు లాగి అడ్డుకోవడం, ఇట్లాంటివి. దీనికి ఒక్క పాయింట్ ఖర్చు లేదు, కానీ ఆటగాడు నా మనుషులు అన్న రోజున వాడి గొంతులో వచ్చే మార్పు 20 స్ట్రెంత్ కూడా తేలేదు.

ఇప్పుడు నీ టెన్షన్ గురించి. వీళ్లు బలపడ్డారు కదా అని శత్రువులందరి ఆర్మర్ క్లాస్‌ను రెండు పెంచావనుకో, ఇచ్చింది ఇచ్చినట్టే లాగేసుకున్నట్టు. బావ మళ్లీ అదే 34 శాతం చుట్టూ తిరుగుతాడు, పేరుకు మాత్రం వీరుడు. దయచేసి అట్లా చేయకు. మామూలు శత్రువుల నంబర్లు పుస్తకంలో ఎట్లా ఉన్నాయో అట్లే ఉంచు, వాళ్లు కూలిపోతుంటే కూలిపోనివ్వు, బలం తెలిసేది అక్కడే. కష్టం పెంచాలంటే మంది పెంచు, పనులు పెంచు.

2014 పుస్తకంలోని ఎక్స్‌పీ (శత్రువు బలాన్ని బట్టి ఇచ్చే పాయింట్లు) లెక్కతో చెప్తా. నలుగురు 3వ లెవెల్ వాళ్లకు మధ్యస్థం అంటే 600, కష్టం 900, ప్రాణాంతకం 1600. ఒక ఓగర్ 450, నాలుగు గోబ్లిన్‌లు 200, మొత్తం 650. శత్రువులు అయిదుగురు కాబట్టి రెండింతలు చేయాలి, 1300. అంటే పుస్తకం ప్రకారం ఇది కష్టమైన పోరాటం. నీ వాళ్లకు 32 పాయింట్లు ఉన్నాయి కాబట్టి వాళ్లను 4వ లెవెల్ అనుకుని లెక్క వేయి: మధ్యస్థం 1000, కష్టం 1500, ప్రాణాంతకం 2000. అదే 1300 ఇప్పుడు మధ్యస్థంలో పడుతుంది. ఒక లెవెల్ ఎక్కువ అనుకోవడం రూల్ కాదు, నా అంచనా, కానీ మొదలుపెట్టడానికి మంచి కొలత. మొదటి రెండు మూడు పోరాటాలు చూసి సర్దుకో.

పనులు పెంచడం అంటే ఏమిటో చెప్తా. ఓరుగల్లు కోటకు లోపల రాతికోట, బయట మట్టికోట, చుట్టూ అగడ్తలు. నువ్వు అక్కడే ఉంటావు కాబట్టి ఒక సాయంత్రం పోయి రాతికోట ద్వారం లోపలికి నడిచి చూడు, తిన్నగా దూసుకుపోవడానికి ఉండదు, మలుపు తిరగాలి. ఆ మలుపులో పోరాటం పెట్టు. ముందు నుంచి ఓగర్ తలుపు పగలగొడుతుంటాడు, గోడ మీద నుంచి ఇద్దరు విలుకాళ్లు, వెనక దారిలో ఊరి జనం లోపలికి పరుగెత్తి వస్తున్నారు, వాళ్లలో ఒకడు శత్రువు వేగు. నలుగురూ ఒకేచోట ఉండలేరు. 16 స్ట్రెంత్ కొన్నవాడు తలుపు దగ్గర నిలబడతాడు, ఆ 16 అక్కడ పనికొస్తుంది. జనంలో వేగును పట్టడానికి ఆ స్ట్రెంత్ పనికిరాదు. అందరూ బలవంతులే, కానీ ఒక్కొక్కరు ఒక్కచోటే ఉండగలరు. ఇట్లాంటి పోరాటానికి 32 ఇచ్చినా 36 ఇచ్చినా నువ్వు భయపడాల్సిన పని లేదు.

నువ్వు అడగలేదు కానీ, రేపు ఎవరైనా గర్ప్స్ అనే ఇంకో ఆటకు మారుదాం అంటే కూడా ఇదే మాట. దాని 4వ ఎడిషన్‌లో వీరుల స్థాయి 100 నుంచి 200 పాయింట్లు, లోపాలు తీసుకుని వెనక్కి రాబట్టుకునే పాయింట్లు మొదటి పాయింట్లలో సగం మించకుండా చూసుకోమంటారు. 250కి పెంచితే ఆ సగం కూడా 125 అవుతుంది, ప్రతి మనిషీ లోపాల మూటతో వస్తాడు, కాబట్టి పాయింట్లు పెంచినా లోపాల హద్దును పాతచోటే ఉంచు. అక్కడ 3డి6 వేస్తారు, నైపుణ్యాన్ని దాటకుండా పడితే గెలుపు, నైపుణ్యం 14 ఉంటే 90 శాతం పైన, 16 ఉంటే 98 శాతం గెలుపు. 17, 18 పడితే ఎంత నైపుణ్యం ఉన్నా ఓటమే కాబట్టి మామూలు పనులకు 16 దాటి కొన్నది వృథా. మ్యూటెంట్స్ అండ్ మాస్టర్‌మైండ్స్ అనే సూపర్‌హీరోల ఆట వాళ్లు దీన్ని సూటిగా తేల్చేశారు, పవర్ లెవెల్ 10కి 150 పాయింట్లు అని ఒక లెక్క, దాడి ఎంత ఎత్తుకు పోవచ్చో వేరే హద్దు. మొత్తం ఎంత, ఎత్తు ఎంత అన్న రెండు ప్రశ్నలను విడివిడిగా అడిగారు, నువ్వూ అట్లే అడుగు.

ఇంకొకటి, మధ్యలో కొత్తవాడు ఎవడైనా చేరితే వాడికీ అవే 32, అదే పద్ధతి. ఆలస్యంగా వచ్చాడని ఎక్కువ ఇవ్వకు, కొత్త కదా అని తక్కువా ఇవ్వకు. బిరుదు మాత్రం అప్పటికి నడిచిన కథలోంచి చెప్పమను, వాడు వెంటనే అందులో కలిసిపోతాడు.

అక్క మాట మాత్రం తీసిపారేయకు. బలం వద్దంటున్నది అంటే ఆమెకు ఎదుగుదల కావాలి, మొదట్లోనే అన్నీ చేతికి వస్తే ఆ దారి ఆమెకు మిగలదు. ఆమె ఒక్కరినీ తక్కువ లెవెల్‌లో పెట్టకు, ఆ పని చేస్తే మళ్లీ ఓగర్ కథే. 3వ లెవెల్‌లోనే మొదలుపెట్టమను, కానీ 27 పాయింట్లతో, బిరుదు లేకుండా. ఆమె 5 పాయింట్లు ఆమెవే, షీట్ మీద ఒక మూల రాసిపెట్టుకోమను. కథలో ఎక్కడో, తన వల్ల ఒక ఊరో ఒక మనిషో నిలిచారని ఆమెకు అనిపించిన రోజున, రుద్రమదేవి చేతో ఆ ఊరి జనం నోటితోనో ఆమెకు బిరుదు ఇప్పించు, ఆ 5 అప్పుడు ఖర్చు పెడుతుంది. నీ వైపు నుంచి చేయాల్సింది ఒక్కటే, ఆమె క్లెరిక్ విజ్‌డమ్ 15తో ఉన్నప్పుడు మిగతావాళ్లు 16తో ఉంటారు కాబట్టి, ఆ సందర్భం 4వ లెవెల్ దాటకముందే వచ్చేట్టు రెండు మూడు చోట్ల అవకాశం పెట్టు. మొదటిది వదిలేసినా రెండోది అందుకుంటుంది.